పడితే టెస్టులోనే పడాలి

మొన్న ఆదివారం మా కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గుంపులో ఎవడో ఒక పాత వీడియో పెట్టాడు. కొచ్చి ఎయిర్‌పోర్టులో రన్‌వే పక్కన ఒరిగి పడున్న హెలికాప్టరు. కింద నాలుగు నవ్వు బొమ్మలు, ఒక వ్యాఖ్య: "టెస్టు చేస్తుంటేనే పడిపోయింది, ఇంక మనోళ్ళు తయారుచేసినవి ఎక్కడ ఎగుర్తాయి బాసూ!" ఆ తర్వాత మామూలే. ఒకడు ప్రభుత్వరంగ సంస్థలన్నీ అమ్మేసెయ్యాలన్నాడు. ఇంకొకడు రిజర్వేషన్ల దాకా వెళ్ళాడు. న్యూజెర్సీలో ఉండేవాడైతే అక్కడి హెలికాప్టర్లు అసలు కింద పడవేమో అన్నట్టు మాట్లాడాడు.

గుంపులో నలభై మందిమి ఉన్నాం. అందులో ముప్ఫై మందికి పైగా సాఫ్టువేరు వాళ్ళమే. తెల్లారి లేస్తే బగ్గులతో కాపురం చేసేవాళ్ళం. ఒక్కడంటే ఒక్కడు "ఒరేయ్, టెస్టులో పడితే మంచిదే కదరా, టెస్టు పెట్టిందే అందుకు కదా" అనలేదు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ రాస్తే ఎవరూ చదవరు, పైగా అడ్మిన్ గారికి కోపం. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్ద టపా, ఓపిక చేసుకోండి.

ముందు ఆ వీడియో సంగతి. 2023 మార్చి 8న ముంబై తీరం దగ్గర నేవీ వాళ్ళ ధ్రువ్ హెలికాప్టరు ఒకటి ఉన్నట్టుండి శక్తి తగ్గి, ఎత్తు కోల్పోయింది. పైలట్లు దాన్ని జాగ్రత్తగా నీళ్ళమీద దించారు, ముగ్గురూ బతికి బయటపడ్డారు. వెంటనే ధ్రువ్‌లన్నిటినీ నేలకు దించేశారు. అనుమానం కంట్రోల్ రాడ్ల మీదకి పోయింది. ఒక్కోదాన్నీ చూసి, మార్చాల్సిన భాగం మార్చి, మళ్ళీ ఎగరనిచ్చే పని మొదలైంది. ఆ పనిలో భాగంగానే కొచ్చిలో కోస్టు గార్డు వాళ్ళ సీజీ 855 అనే హెలికాప్టరుకి రాడ్డు చివరి భాగం మార్చారు. హెచ్ఏఎల్ వాళ్ళూ, కోస్టు గార్డు వాళ్ళూ కలిసి నేలమీద పరీక్షలన్నీ చేశారు, అన్నీ బాగానే ఉన్నాయి. మార్చి 26 మధ్యాహ్నం గాల్లో చెక్ చెయ్యడానికి పైకి లేపారు. ముప్ఫై నలభై అడుగులు లేచిందో లేదో, సైక్లిక్ పనిచెయ్యడం మానేసింది. పైలట్ దాన్ని మెయిన్ రన్‌వే మీద పడకుండా పక్కకు తప్పించి, వీలైనంత మెత్తగా దించే ప్రయత్నం చేశాడు. రోటర్లూ, బాడీ దెబ్బతిన్నాయి. లోపలున్న ముగ్గురూ బతికారు.

ఇదీ జరిగింది. మా వాళ్ళకి నవ్వొచ్చింది దీనికి.

సైక్లిక్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పైలట్ రెండు మోకాళ్ళ మధ్య ఉండే కర్ర అది. దాన్ని ఎటు వంచితే హెలికాప్టరు అటు పోతుంది. ఆ కదలిక రాడ్లలోంచీ, హైడ్రాలిక్ బూస్టర్లలోంచీ పోయి పైన స్వాష్ ప్లేటు అనే దానికి చేరుతుంది. స్వాష్ ప్లేటులో కింద సగం తిరగదు, పై సగం రెక్కలతో పాటు గిర్రున తిరుగుతుంది. తిరగని చెయ్యి చెప్పిన మాటని తిరిగే రెక్కకి అందించే దుబాసీ అనుకోండి. ఇంజను ఆగిపోయినా హెలికాప్టరు వెంటనే రాయిలా పడిపోదు. కిందకి దిగుతుంటే ఎదురొచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి, నేర్పున్న పైలట్ దించగలడు. కానీ ఈ చేతికీ ఆ రెక్కకీ మధ్య లింకు తెగితే మాత్రం అంతే సంగతులు. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. మనమైతే ఇంకో సర్వరు పెట్టి లోడ్ బ్యాలెన్సరు తగిలిస్తాం. స్వాష్ ప్లేటుకి స్టాండ్‌బై ఎక్కడ పెడతారు?

అందుకే ఆ భాగాల మీద చెయ్యి పడిందంటే కాగితం మీద సంతకంతో సరిపెట్టరు. ఎగరేసి చూస్తారు. అదీ ఒక్కసారిగా కాదు. ముందు నేలమీద ఇంజను తిప్పుతారు. రెక్కల కొసలన్నీ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో చూస్తారు. ఇప్పుడు దానికి సెన్సర్లు వచ్చాయి గానీ, పూర్వం రెక్క రెక్కకీ ఒక రంగు పూసి, తిరుగుతుండగా కర్రకి కట్టిన గుడ్డని మెల్లగా ఆనించేవాళ్ళట. రంగులన్నీ ఒక్కచోట పడితే సరే, ఎడంగా పడితే మళ్ళీ రెక్క సరిచెయ్యాల్సిందే. (ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊళ్ళో సైకిల్ షాపులో చక్రం బెండు తీసే సాయిబు గుర్తొచ్చాడు. ఆయన సుద్దముక్క పట్టుకునేవాడు.) తర్వాత నాలుగడుగులు లేపి గాల్లో నిలబెడతారు. ముందుకీ వెనక్కీ పక్కలకీ కదిపి చూస్తారు. అన్నీ కుదిరాకే పైకి పోతారు. సీజీ 855 ముప్ఫై నలభై అడుగుల దగ్గరే దొరికిపోయింది అంటే ఆ పద్ధతి తన పని తను చేసిందన్నమాట. ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసినవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. 2025 జనవరి 5, పోర్‌బందరు. అదీ కోస్టు గార్డు ధ్రువే. టెస్టు కాదు, మామూలు ట్రైనింగుకి వెళ్ళి తిరిగొస్తోంది. స్వాష్ ప్లేటు విరిగిందని ప్రాథమిక దర్యాప్తులో తేలింది. ముగ్గురూ చనిపోయారు. మళ్ళీ ధ్రువ్‌లన్నీ నేలకి దిగాయి, నెలల తరబడి. కొచ్చిలో పడ్డదాన్ని చూసి నవ్విన గుంపులో ఆ జనవరిలో ఎవడూ ఏ వీడియో పెట్టలేదు. సంక్రాంతికి ఊరెళ్ళే బస్సు టికెట్ల గొడవలో ఉన్నారు.

నా వాదన ఒక్కటే. చెడిపోయే యంత్రం ఎలాగూ చెడిపోతుంది. ఎప్పుడు, ఎవరి నెత్తిన అన్నదే మన చేతిలో ఉన్న సంగతి. టెస్టులో చెడిపోతే ముగ్గురు, అదీ తెలిసి ఎక్కినవాళ్ళు, ముప్ఫై అడుగుల ఎత్తులో, పక్కనే ఫైరింజను. టెస్టు దాటిపోయాక చెడిపోతే ఎవరెవరు, ఎక్కడ, ఏ వర్షంలో అన్నది ఎవరూ చెప్పలేరు.

ఏ వర్షంలో అని ఊరికే అనలేదు. మా అమ్మావాళ్ళుండేది బెజవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదటివారం ఏం జరిగిందో బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బుడమేరు కట్ట తెగి రాత్రికి రాత్రి నీళ్ళొచ్చాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, చరిత్రలో ఎప్పుడూ రానంత. మా వాళ్ళు మేడమీద రెండు రాత్రులున్నారు. నేను హైదరాబాదులో ఫోను పట్టుకుని. అమ్మ ఫోన్లో చార్జింగు ఆరు శాతం. "హెలికాప్టరొచ్చింది నాన్నా, పక్క మేడ మీద పొట్లాలు పడేసింది, మా మేడ మీద తీగెలున్నాయని రాలేదు" అంది. తర్వాత డ్రోన్లొచ్చాయి, పడవలొచ్చాయి. కానీ మొదట ఆకాశంలో చప్పుడు వినపడినప్పుడు అమ్మ గొంతులో వచ్చిన మార్పు నాకింకా గుర్తుంది. ఎవరో ఒకరు మనం ఇక్కడున్నామని తెలుసుకున్నారు అనే ధైర్యం.

ఆ వరదకి నేవీ వాళ్ళు వైజాగ్ నుంచి పంపిన హెలికాప్టర్లలో ధ్రువ్‌లు కూడా ఉన్నాయి. అవే ధ్రువ్‌లు! మా గుంపులో అందరూ నవ్విన బాపతు. అవి సింగ్‌నగర్ మేడల మీద అంత కిందకి దిగి, కరెంటు తీగెల మధ్య నిలబడి పొట్లాలు వెయ్యగలిగాయంటే, అంతకు ముందు ఎక్కడో ఒక ఎయిర్‌ఫీల్డులో, చప్పట్లు కొట్టేవాడు ఒక్కడు కూడా లేకుండా, ఎవరో వాటిని నాలుగడుగులు లేపి అటూ ఇటూ కదిపి చూశారు కాబట్టి. ఆ చూసినవాళ్ళలో ఎవరికైనా ఒకరోజు రాడ్డు తెగి ఉండొచ్చు. తెగితే అక్కడ తెగాలి, మా అమ్మ మేడమీద కాదు.

ఇంకో మాట. బెజవాడలో జనం మేడలమీద ఉన్న ఆ సెప్టెంబరు 2 రాత్రే, పోర్‌బందరు తీరానికి దూరంగా ఒక ట్యాంకరు మీద గాయపడ్డ మనిషిని తెచ్చేందుకు వెళ్ళిన కోస్టు గార్డు ధ్రువ్ ఒకటి సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కడే బతికాడు. అంతకు ముందు కొద్ది రోజులు అది గుజరాత్ వరదల్లో జనాన్ని కాపాడిన హెలికాప్టరు. మన టీవీల్లో అది వచ్చిందో లేదో కూడా నాకు గుర్తులేదు. మనకి మన నీళ్ళు సరిపోయాయి.

ఇక మన జిల్లా సంగతి. హెలికాప్టరు పడటం అంటే మావైపు అరవయ్యేళ్ళ పైబడిన ఎవరినడిగినా ముందు చెప్పేది బాలయోగి గారి గురించే. 2002 మార్చి 3. అప్పటి లోక్‌సభ స్పీకరు. పొద్దున్నే భీమవరంలో బెల్ 206 ఎక్కారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో పడింది. ఆయనా, అంగరక్షకుడూ, పైలట్టూ, ముగ్గురూ పోయారు. (అప్పుడు అది కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక ఏలూరు జిల్లాలోకి పోయింది.) మా పెదనాన్న వాళ్ళకి అటువైపు చెరువులున్నాయి. ఎందుకు పడిందని అడిగితే ఇప్పటికీ ఒకరు పొగమంచంటారు, ఒకరు ఇంజనంటారు, ఒకరు కొబ్బరిచెట్టంటారు, ఇంకొకరు గొంతు తగ్గించి వేరే ఏదో చెప్తారు. ఇరవయ్యేళ్ళు దాటినా ఊరందరికీ తెలిసిన ఒక్క కారణం లేదు. అరుగుకో కథ ఉంది.

2009 సెప్టెంబరు 2 అందరికీ తెలిసిందే. (పై సంగతుల్లో కూడా అదే తేదీ. నేను జాతకాలు నమ్మను గానీ, ఎందుకో రాసేటప్పుడు చెయ్యాగింది.) వైఎస్ గారు ఎక్కిన బెల్ 430 పొద్దున్న 8:38కి బేగంపేటలో లేచింది. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర పడింది. మర్నాటి దాకా ఎక్కడుందో దొరకలేదు. ఐదుగురూ పోయారు. ఆ రోజుల్లో ఇంకో తమాషా జరిగింది, మన వృత్తికి సంబంధించింది. ఆ హెలికాప్టరు ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్టు గడువు అయిపోయినట్టు డీజీసీఏ వెబ్‌సైట్లో కనపడింది. దేశమంతా గోల. తర్వాత కేంద్రం చెప్పిందేమిటంటే, సర్టిఫికెట్టు సరిగానే ఉంది, వెబ్‌సైటే అప్‌డేట్ చెయ్యలేదని! ముఖ్యమంత్రి ఎక్కే హెలికాప్టరు ఎగరడానికి పనికొస్తుందా లేదా అనే ఒక్క ఫీల్డు. దాన్ని అప్‌డేట్ చేసే దిక్కు లేదు.

తర్వాత త్యాగి కమిటీ రిపోర్టు వచ్చింది. అది ఎంతమంది చదివారో నాకు అనుమానమే. బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందన్నారు. అంతకంటే నన్ను పట్టుకుని ఊపేసింది వేరే. ఆ చివరి నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌కి సంబంధించి ఏదో తేడా కనపడితే, దానికేం చెయ్యాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకు పైగా గడిపారట. బయట మబ్బు. ఆరు నిమిషాలు పుస్తకంలో వెతకడం... ప్రొడక్షన్ డౌన్ అయినప్పుడు రన్‌బుక్ ఎక్కడుందో తెలియక షేర్ డ్రైవులో వెతికిన ప్రతి ఒక్కడికీ అది ఎలా ఉంటుందో తెలుసు. మనకి పోయేది మహా అయితే ఎస్‌ఎల్‌ఏ.

ఆ కారణాల గురించి మన రాష్ట్రంలో ఎవరైనా చర్చించారా? చర్చ అంతా కుట్ర మీదే. 2010 జనవరిలో ఒక ఛానెలు ఏదో రష్యా వెబ్‌సైట్లో వచ్చిన కథ చూపిస్తే, జనం రోడ్లమీదకొచ్చి ఒక వ్యాపార సంస్థ దుకాణాలన్నీ పగలగొట్టారు. చెక్‌లిస్టు గురించి మాత్రం ఒక్క దుకాణం అద్దం కూడా పగల్లేదు. పగలగొట్టమని కాదు నేననేది. మనకి కుట్ర కావాలి, హీరో కావాలి, విలన్ కావాలి. రాడ్డు, నట్టు, ఆయిల్ ప్రెషరు, వెతుక్కున్న ఆరు నిమిషాలు మనకి కథలా అనిపించవు.

ఇది హెలికాప్టర్ల దగ్గరే కాదు. బ్యారేజీ చూడండి. ఆ వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, కౌంటర్ వెయిట్లు విరిగాయి. కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. ఆయనే ఆ ఏడాది ఆగస్టులో తుంగభద్ర డ్యాము గేటు చైను తెగి కొట్టుకుపోతే పారుతున్న నీళ్ళలో స్టాప్‌లాగ్ దింపించిన పెద్దాయన. ఆయనకి అప్పుడు చప్పట్లు కొట్టాం, మంచిదే. ఆ చైను తెగకముందు దాన్ని రోజూ చూడాల్సిన మనిషి పేరు మనలో ఎవరికైనా తెలుసా? అతను "ఇది మార్చాలండీ" అని ఎన్నిసార్లు రాశాడో, అసలు రాశాడో లేదో, అదైనా తెలుసా? అదే ఏడాది అక్టోబరులో పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఎగరేశారు. గిన్నిస్ రికార్డులొచ్చాయి. మా అమ్మ కూడా వెళ్ళి చూసొచ్చింది, చాలా బాగుందట. ఎగరడం చూడ్డానికి కృష్ణ ఒడ్డు పట్టనంత జనం. ఎగురుతుందో లేదో చూసేవాడి దగ్గరకి టీ తీసుకెళ్ళేవాడు కూడా ఉండడు.

సరే, మా న్యూజెర్సీ వాడి వాదన కూడా చూద్దాం. వాడు అన్నది పూర్తిగా తీసిపారెయ్యను. "నేలమీద అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు, లేవగానే రాడ్డు పనిచెయ్యలేదు, అంటే మీ గ్రౌండ్ టెస్టుకి విలువేముంది? డిజైనే తప్పు కదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తర్వాత ఆ రాడ్లని అల్యూమినియం బదులు స్టీలువి పెట్టారు, అంటే ముందున్నది సరిపోలేదని వాళ్ళే ఒప్పుకున్నట్టే కదా. కొచ్చి తర్వాత నలభై రోజులైనా కాకుండానే, 2023 మే 4న కిష్త్వార్‌లో ఆర్మీ ధ్రువ్ ఒకటి ఇబ్బందొచ్చి వాగు ఒడ్డున దిగబోయి దెబ్బతింది. పైలట్లిద్దరూ గాయాలతో బతికారు. పోయింది ఏవియేషన్ టెక్నీషియను. రాజన్న సిరిసిల్ల జిల్లా నుంచి ఆర్మీలో చేరిన కుర్రాడు. తెలుగువాడు. యంత్రం బాగుచేసే వృత్తిలో ఉండి, అదే యంత్రంలో పోయాడు. కాబట్టి హెచ్ఏఎల్ వాళ్ళని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకేమీ లేదు. అడగండి, గట్టిగా అడగండి. ఆ రాడ్డు అలుగుతుందని (లోహానికి అలుపు ఉంటుంది, మనకున్నట్టే) ముందే ఎందుకు తెలియలేదు? ఇరవై ఏళ్ళుగా వందల హెలికాప్టర్లు ఎగురుతున్నాయి, ఏ రాడ్డు ఎన్ని గంటలకి ఎలా ఉందో లెక్కలున్నాయా? మిలిటరీ వాళ్ళ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ రిపోర్టులు మామూలుగా బయటకి రావు. రక్షణ రహస్యాలు తీసేసి, యాంత్రిక లోపం మేరకైనా ఎందుకు బయటపెట్టరు? ఇవీ అడగాల్సినవి. "టెస్టులోనే పడిందట, హహహ" అనేది ప్రశ్న కాదు. ఆ నవ్వుకి ఫలితమేమిటో తెలుసా? ఈసారి టెస్టులో పడినా ఎవరికీ చెప్పకపోవడం. ఇంకా ముందుకెళ్తే, పడే అవకాశం ఉన్న టెస్టు అసలు పెట్టకపోవడం.

ఎప్పుడూ ఫెయిలు కాదని ముందే తెలిస్తే దాన్ని టెస్టు అనరు, వాహన పూజ అంటారు. కొత్త బండి కొని దుర్గమ్మ కొండ దగ్గరకి తీసుకెళ్ళి నిమ్మకాయలు తొక్కిస్తాం చూడండి, అది. నాకు దాని మీద గౌరవమే, నా బండికీ చేయించాను. కానీ నిమ్మకాయ నలిగితే బ్రేకులు పనిచేస్తున్నట్టు కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇంతసేపు మా గుంపుని తిట్టిన తిట్లకి అర్థం ఉండదు.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) డబ్బులు వాపసిచ్చే మాడ్యూలు ఒకటి రాశాం. నేనే లీడుని. టెస్టింగులో గుడివాడ అమ్మాయి ఒకామె ఉండేది. నన్ను అన్నా అని పిలిచేది. శుక్రవారం సాయంత్రం రిలీజు. గురువారం రాత్రి పదింటికి వచ్చి "అన్నా, నెట్‌వర్కు మధ్యలో తెగి మళ్ళీ ప్రయత్నిస్తే రిఫండు రెండుసార్లు పోతోంది. ప్రతిసారీ రావట్లేదు, కానీ వస్తోంది. నేను సైన్ ఆఫ్ ఇవ్వలేను" అంది. చూపించమంటే చూపించింది. మూడోసారికి వచ్చింది. మేనేజరు చూశాడు. "ఇది ఎడ్జ్ కేసు, వేలల్లో ఒకటి" అన్నాడు. సివియారిటీ ఒకటి నుంచి మూడుకి మార్చమన్నాడు. మార్చింది ఎవరనుకున్నారు? నేనే. నా లాగిన్‌తో. ఆమె నా వంక చూసింది, నేను స్క్రీను వంక చూశాను.

సోమవారం పొద్దున్నకి ఎన్ని రిఫండ్లు రెండుసార్లు పోయాయో చెప్పను. క్లయింటు గోల చేశాడు. బుధవారం రూట్ కాజ్ మీటింగు. స్లైడు మీద మొదటి ప్రశ్న: టెస్టింగులో ఎందుకు పట్టుకోలేకపోయాం? నిజంగానే అలా రాశారు. ఆ అమ్మాయిని లేపి నిలబెట్టి అడిగారు. ఆమె పాత కామెంటు తీసి చూపించలేదు, నా పరువు పోతుందని. నేను నోరెత్తలేదు. ఆ ఏడాది ఆమెకి రేటింగు తక్కువొచ్చింది. ఆరు నెలల్లో వెళ్ళిపోయింది. నాకు ప్రమోషనొచ్చింది.

ఎవరూ చావలేదు కదా అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మొన్న ఆ వీడియో కింద నవ్వులు చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది. టెస్టులో దొరికినదాన్ని సివియారిటీ మూడు చేసి పంపినవాణ్ణి నేను. టెస్టులో దొరికినందుకు నవ్వేవాళ్ళ పక్కన నిలబడే హక్కు నాకు లేదు, వాళ్ళని తిట్టే హక్కు కూడా సగమే ఉంది.

హెలికాప్టరు టెస్టు చేసే పైలట్‌కీ మన టెస్టరుకీ ఒక పెద్ద తేడా ఉంది. "బాలేదు" అని చెప్పే పైలట్ ఆ యంత్రంలోనే కూర్చుని ఉంటాడు. కొన్నిచోట్ల బాగుచేసిన టెక్నీషియన్ని కూడా ఎక్కించే అలవాటుంది. బోల్టు బిగించినవాడు పక్క సీట్లో ఉంటే ఆ బోల్టు సంగతి వేరుగా ఉంటుంది కదా! మనం శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ కొట్టి మెట్రో ఎక్కి ఇంటికి పోతాం. పడేది ఎవరి మీదో మనకి కనపడదు. కానీ మనం రాసేవి ఇప్పుడు ఆస్పత్రుల్లో ఉన్నాయి, రైల్వే సిగ్నళ్ళలో ఉన్నాయి, బ్యాంకుల్లో ఉన్నాయి. వరదలో ఏ వీధికి పడవ వెళ్ళాలో చెప్పే యాపుల్లో కూడా ఉన్నాయి. కోడు రాసేవాడికొక జీతం, దాన్ని విరగ్గొట్టి చూపించేవాడికి అందులో సగం, పైగా విరగ్గొట్టినందుకు నలుగురిలో ముద్దాయి. ఇది మన ఫీల్డు. ఇందులో కూర్చుని హెచ్ఏఎల్‌ని చూసి నవ్వుతున్నాం.

టెస్టు చేసినవాడు వద్దంటే, వాడికంటే పై మెట్టు మీద ఉన్నవాడెవడైనా సరే దాన్ని కొట్టెయ్యాలంటే తన పేరు, తన సంతకం, తన కారణం రాసి కొట్టెయ్యాలి. సివియారిటీ మార్చిన చరిత్ర ఎవరికైనా కనపడాలి. ఇంతకంటే పెద్ద సంస్కరణలు నాకు తెలియవు. మా టీములో ఇది పెట్టాను, రెండేళ్ళయింది. రిలీజులు ఆలస్యమవుతున్నాయని నా మీద ఫిర్యాదులున్నాయి, ఉండనివ్వండి.

ఇదంతా కుదించి మా వాట్సాప్ గుంపులో కూడా పెట్టాను. న్యూజెర్సీ వాడు ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. దాని కిందే ఇంకొకడు అమరావతి దగ్గర ప్లాట్ల ప్రకటన పెట్టాడు, రిజిస్ట్రేషను ఆఫరుతో సహా. ఆ గుడివాడ అమ్మాయి నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది. పనిచేస్తోందో లేదో తెలీదు, ఈ టపా లింకు పంపాను. ఒక టిక్కే పడింది.

రేపు సాయంత్రం మాకు రిలీజుంది. టెస్టరు ఇంకా సైన్ ఆఫ్ ఇవ్వలేదు. నేను అడగలేదు.